ఇంకో పావు చుట్టు

నా చేతులు ఊరుకోవు. అది నా జబ్బని మా ఆవిడ అంటుంది, నా ఉద్యోగమని నేనంటాను. బిలాస్‌పూర్ లోకో షెడ్డులో ఇరవై రెండేళ్ళు ఫిట్టరుగా చేసినవాడికి ఎక్కడ ఒక చుక్క కారినా చెయ్యి పానా కోసం వెతుక్కుంటుంది. ఇంజను జాయింటు దగ్గర ఆవిరి బుస్సుమంటే నట్టుకి ఇంకో పావు చుట్టు. ఆగలేదా, మరో పావు. కుర్రతనంలో షెడ్డులో చేరినప్పుడు నేర్పిన విద్య అదొక్కటే. దాంతోనే చిన్నారావు మిస్త్రీ అని పేరు తెచ్చుకున్నాను.

ఆ విద్యని షెడ్డులోనే వదిలేసి రావాలి. నేను ఇంటికి మోసుకొచ్చేవాణ్ణి. తార్‌బహార్‌లో మా రైల్వే కోర్టర్సు తలుపు గడియ నేను వేస్తే మరొకరు తియ్యలేరు. ఆవకాయ జాడీకి నేను వాసెన కడితే ఆ పూట ఇంట్లో ఊరగాయ లేనట్టే. అచ్చియమ్మ ఆ ముడితో కుస్తీపట్టి, చివరికి జాడీ తెచ్చి నా ముందు కుదేసేది.

"నీ ముడి ఇప్పాలంటే సేతులు సాలవు బావా, పళ్ళుండాల" అనేది.

అచ్చియమ్మ మా మేనత్త కూతురు. బొబ్బిలి దగ్గర పల్లెలో పుట్టి, పెళ్ళయ్యాక నాతో రైలెక్కి ఇంత దూరం వచ్చింది. నుదుటి మీద పెసరగింజంత పచ్చబొట్టు ఉండేది. చిన్నప్పుడు వాళ్ళమ్మ పొడిపించింది. కుంకం చెరిగిపోయినా అది చెరగదని దాని ధీమా.

పంధొమ్మిదివందల ముప్పై ఆరు వేసవిలో దాని ముక్కు మీద, ముక్కుపుడక పక్కన చిన్న పొక్కు లేచింది. అది పుడక బంగారంలో కల్తీ అని నేను తేల్చేశాను. వెళ్ళి కంసాలితో దెబ్బలాడి వచ్చాను. పుడక తీసేసినా పుండు మానలేదు. పైన పెచ్చు కట్టడం, రాలిపోవడం, అడుగున ఇంకాస్త లోతుకి దిగడం. వేపనూనె రాశాం, పసుపు రాశాం, పక్క పేట తోర్వాలో ఒకాయన ఇచ్చిన పసరు రాశాం. రెండేళ్ళు అలా గడిపేశాం. చివరికి ముక్కు ఎడమ రెక్క సగం తినేసి, చివర దాకా పాకింది.

రైల్వే ఆసుపత్రి పెద్ద డాక్టరు బెంగాలీ. ఆయన హిందీ నా హిందీ కన్నా అధ్వానం. అయినా చూసీ చూడగానే సంగతి తెలిసేలా చెప్పాడు. ఇది చర్మం మీద పుట్టే రాచపుండు. వంట్లోకి తొందరగా పాకదు గానీ, ఉన్నచోటు వదలదు. చుట్టూ మంచి కండతో సహా కోసి తీసెయ్యాలి. తీస్తే ముక్కు ముప్పాతిక పోతుంది.

అచ్చియమ్మ నా వైపు చూసింది. అది ఏమనుకుంటోందో నాకు తెలుసు. ముక్కులేని ఆడదాన్ని చూస్తే రోగమా అని ఎవడూ అడగడు. మొగుడు కోశాడనుకుంటారు, ఎందుకు కోశాడో కూడా వాళ్ళే చెప్పుకుంటారు. మా లైనులో నలభై కొంపలున్నాయి. ఒక్కొక్క కొంపకీ ఒక్కొక్క కథ.

డాక్టరు ఇంకో మాట చెప్పాడు. నుదుటి చర్మంతో కొత్త ముక్కు కట్టొచ్చు. ఈ దేశంలో ఎన్నాళ్ళనుంచో ఉన్న పనే, తను నాలుగు కట్టాడు, మూడు నిలిచాయి. కాయితం మీద బొమ్మ గీశాడు. నుదుటి మీద తొడిమతో ఉన్న తమలపాకులా చర్మాన్ని కోస్తాడు. తొడిమ కనుబొమల మధ్య అంటుకునే ఉంటుంది. ఆకుని కిందికి తిప్పి ముక్కు చోట కుడతాడు. తొడిమలోంచి వచ్చే నెత్తురుతో ఆకు మూడు వారాలు బతుకుతుంది. ఈలోగా అది చెంపల్లోంచి సొంతంగా నెత్తురు తెచ్చుకోవడం నేర్చుకుంటుంది. అప్పుడు తొడిమ కోసేస్తాడు. ఆకు వాడిపోయిందో, రెండోసారి చెయ్యడానికి మనిషికి మరో నుదురు ఉండదు.

ఆ ఆకులో అచ్చియమ్మ పచ్చబొట్టు కూడా పడుతుందనీ, ముక్కు మీదికి వచ్చేస్తుందనీ డాక్టరు కాస్త మొహమాటంగా చెప్పాడు. నేను వద్దనబోయాను. అచ్చియమ్మ ఆ రోజంతటిలో అప్పుడే నోరు విప్పింది.

"ఎక్కడికెల్లిపోద్ది? నా మొకం మీదే కదా ఉంటాది. కోసీమను."

ఆపరేషను అయింది. క్లోరోఫారం వాసనతో మనిషిని బయటికి తెచ్చారు. కళ్ళు వాచిపోయాయి, తల చుట్టూ కట్లు. రెండు కళ్ళ మధ్య నుంచి వేలెడు మాంసపు తొడిమ కిందికి దిగి ఉంది. నిద్రలో గోక్కోకుండా చేతులకి గుడ్డసంచులు తొడిగారు. పక్కన ఇంటిమనిషి ఎవరైనా ఉండి ఆ చేతులు కనిపెట్టాలన్నారు. నేను షెడ్డులో రాత్రి డ్యూటీ అడిగి వేయించుకుని పగలంతా వార్డులో కూర్చునేవాణ్ణి. కూర్చునేవాణ్ణి అనడం అబద్ధం. కిటికీ దగ్గరికి పోవడం, రావడం, మంచం కోడు కదుపుతూ చూడడం, నీళ్ళ కుండ మూత సర్దడం. ఆయా బిసాహిన్ నన్ను చూసి విసుక్కునేది. తోర్వా అవతల పల్లె ఆమెది, నలభై దాటిన మనిషి. కట్లు మార్చడం ఆమె పనే. పసిబిడ్డకి తల దువ్వినట్టు మార్చేది.

తొడిమ లోపలి వైపు పచ్చిగా ఉండేది. అక్కడినుంచి చుక్కచుక్కగా నెత్తురూ నీరూ కారేది. కారనీ, కారితేనే మంచిది అని డాక్టరు మొదటిరోజే చెప్పాడు. విన్నాను. నా చెవులు విన్నాయి, నా చేతులు వినలేదు.

మూడోరోజు మధ్యాహ్నం బిసాహిన్ అన్నానికి వెళ్ళింది. అచ్చియమ్మ మందు మత్తులో పడి ఉంది. చుక్క పడింది, దిండు మీద. తుడిచాను. మళ్ళీ పడింది. తుడిచాను. రాత్రంతా డ్యూటీ చేసి వచ్చిన కళ్ళు మండుతున్నాయి, వార్డు వేడిగా ఉంది, ఆ చుక్కలు పడుతూనే ఉన్నాయి. నా పెళ్ళాం వంట్లో నెత్తురు నా కళ్ళముందే కారిపోతుంటే చేతులు ముడుచుకు కూర్చోమంటారా అనిపించింది. లేచి, మెడ వెనక ముడి విప్పి, తొడిమ చుట్టూ ఉన్న పట్టీని లాగి బిగించి, మళ్ళీ ముడి వేశాను. ఇంకో పావు చుట్టు. చుక్క ఆగిపోయింది. ఒక పని చేశానన్న తృప్తితో, ఆసుపత్రిలో చేరాక మొదటిసారి కుదురుగా కూర్చుని కునుకు తీశాను.

సాయంత్రం డాక్టరు వచ్చి పైగుడ్డ తీస్తే, ముక్కు నేరేడుపండు రంగులో ఉంది.

ఆయన కత్తెర తీసుకుని పట్టీని తెగ్గోశాడు. తర్వాత కట్టు ఎవరు బిగించారని అడిగాడు. కట్టు మార్చేది బిసాహిన్ కాబట్టి అందరూ బిసాహిన్‌ని చూశారు. తను కాదంది. రెండోసారి కూడా కాదంది. రేపట్నుంచి ఈ వార్డులోకి రావద్దని ఆమెకి చెప్పేశారు.

నేను మంచం పక్కనే నిలబడి ఉన్నాను. నోరు తెరవలేదు. తెరిస్తే నన్ను బయటికి నెడతారు, హిందీ కూడా సరిగా రాని మనిషి ఒక్కతే పడి ఉంటుంది అనుకున్నాను. నాకు నేను చెప్పుకున్న సాకు అది. అసలు సంగతి, పెళ్ళాం ముక్కు నేనే చంపానని పదిమందిలో ఒప్పుకోవడానికి నాకు భయం వేసింది.

డాక్టరు నన్ను వసారాలోకి పిలిచి ఓపిగ్గా విప్పి చెప్పాడు. నెత్తురు లోపలికి వెళ్తోంది, పాడైన నెత్తురు బయటికి రాలేకపోతోంది, ముక్కు ఉబ్బిపోయి ఊపిరాడక చచ్చిపోతుంది. నాకు అర్థం కావడానికి హిందీ అక్కరలేదు. సిలిండరులోకి ఆవిరి వెళ్తోంది, ఎగ్జాస్టు మూసేశాను. ఇంజను విషయంలో ఏ కొత్త కూలీవాడు ఆ పని చేసినా చెంప పగలగొట్టేవాణ్ణి.

ఇప్పుడేం చెయ్యాలి అన్నాను. ఆయన, పాతకాలం పద్ధతి ఒకటుంది, జలగలు కావాలన్నాడు. ముక్కు కొసన పట్టిస్తే చెడునెత్తురు లాగుతాయి, నిలిచినా నిలవవచ్చు. అయితే ఇప్పుడు జలగలు ఎవరు పట్టుకొస్తారు అని కంపౌండరు నవ్వాడు. తెల్లారగానే తెస్తానన్నాను.

ఆ తెల్లవారుజామున డ్యూటీ దిగి మసిబట్టలతోనే తోర్వా దాటి నడిచాను. గేదెలు పడుకునే చెరువుల్లో జలగలుంటాయని తెలుసు గానీ, పట్టడం ఎవడికి తెలుసు? మొదటి చెరువులో మోకాలి లోతున తెగ తిరిగాను. ఒకటి పట్టుకుంది. లాగేశాను. అది రెండు ముక్కలైంది. రెండోదీ అంతే. మూడోది లాగుతుంటే గట్టు మీదినుంచి ఎవరో కేకేశారు. చూస్తే బిసాహిన్. నెత్తి మీద నీళ్ళకుండ. అది వాళ్ళ ఊరి చెరువే.

నాకు చెరువులోనే మునిగిపోవాలనిపించింది. ఆమె మాత్రం కుండ దించి, చీర దోపి, నీళ్ళలోకి దిగింది. జలగలు కదిలేలా కర్రతో నీళ్ళు కలియబెట్టింది. ఆపైన కాళ్ళు కదపకుండా నిలబడమంది. నేను నిలబడ్డాననుకున్నాను. నా కాలివేళ్ళు బురదలో ఆడుతూనే ఉన్నాయి.

"ఝన్ హల్ గా" అని కసిరింది, కదలొద్దురా బాబూ అని.

నిలబడ్డాను. ఎండ ముఖం మీదికి వచ్చేదాకా నిలబడ్డాను. పిక్కల మీద చల్లగా ఏదో తాకుతుంది, తర్వాత చిన్న చురుకు. అది నెత్తురు తాగేలోపే తియ్యాలట, కడుపు నిండితే ముక్కుని పట్టదు. బిసాహిన్ వంగి, జలగ మూతి కింద గోరు మెల్లగా జరిపి, దాన్ని తీసి కుండలో వేసింది. లాగకూడదు, జరపాలి. ఆమె రెండు తీసి చూపించాక మూడోది నేను తీశాను. నా ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఇంత మెల్లగా ఏ పనీ చెయ్యలేదు. ఏడు దొరికాయి.

ఆమె నన్ను ఒక్క ప్రశ్న అడిగింది. అమ్మ ముక్కు బతుకుతుందా అని. కట్టు ఊసు ఎత్తలేదు, పోయిన పని ఊసు ఎత్తలేదు. నేను తెలియదన్నాను. కుండ పట్టుకుని గబగబా వచ్చేశాను. దారి పొడుగునా ఆ ప్రశ్న నా వెంటే వచ్చింది.

వసారాలో డాక్టరు కుండలోకి చూసి సంతోషపడ్డాడు. నా భుజం తట్టి, భార్య అంటే ఇంత ప్రేమ ఉన్నవాణ్ణి చూడలేదన్నాడు. ఆ తట్టిన చోట వాత పెట్టినట్టయింది.

"కట్టు బిగించింది నేను సాబ్, ఆయా కాదు" అన్నాను.

ఆయన చెయ్యి తీసేశాడు. తర్వాత రెండే మాటలు చెప్పాడు. బిసాహిన్‌ని ఇప్పుడే పిలిపించమని కంపౌండరుకి. తొడిమ కోసి, కుట్లు మానేదాకా వార్డు గుమ్మం తొక్కొద్దని నాకు.

అవి మూడున్నర వారాలు. అలాంటి రోజులు పగవాడికి కూడా వద్దు. రోజూ పొద్దున్నే చెరువు, కుండ, ఆసుపత్రి వెనక గుమ్మం. బిసాహిన్ వచ్చి కుండ అందుకునేది, నా ముఖం చూసేది కాదు. నాలుగోరోజున మాత్రం, ఈరోజు కొస కొంచెం ఎర్రబడిందని కుండతో చెప్పినట్టు చెప్పి లోపలికి పోయింది. ఎనిమిదోరోజున జలగలు ఇంక అక్కర్లేదంది. ఎందుకు అక్కర్లేదో చెప్పలేదు. బతికిందనా, చచ్చిందనా? అడుగుదామంటే తలుపు వేసేసింది.

చేతులకి పని లేకుండా పోయింది. స్టేషను దాకా నడిచేవాణ్ణి, మళ్ళీ ఆసుపత్రి దాకా. ఏ కిటికీ అచ్చియమ్మదో తెలుసు, దానికి తెర వేసి ఉండేది. లైనులో ఆడవాళ్ళు ఎలా ఉందని అడిగితే బాగుందనేవాణ్ణి. బాగుందో లేదో నాకేం తెలుసు? బిసాహిన్ అచ్చియమ్మకి అంతా చెప్పేసి ఉంటుందని ఒక పక్క నమ్మకం. చెప్పకుండా ఎందుకుంటుంది, నా వల్ల ఆమె నోటి దగ్గరి కూడు పోబోయింది. నల్లబడి ఎండిన ముక్కుతో, నా పేరు తలుచుకుంటూ అచ్చియమ్మ అక్కడ పడుకుని ఉన్నట్టు కనిపించేది. షెడ్డులో పానా పట్టుకుంటే ఆఖరి పావు చుట్టు చెయ్యి వెయ్యనిచ్చేది కాదు. నేను కట్టిన జాయింటు పరీక్షలో బుస్సుమని లీకైంది. ఫోర్‌మన్ నలుగురిలో తిట్టాడు. ఇరవై రెండేళ్ళలో అదే మొదటిసారి.

ఇరవై ఐదో రోజున బిసాహిన్ తనే గుమ్మంలోకి వచ్చి రమ్మంది.

అచ్చియమ్మ కిటికీ దగ్గర బల్ల మీద కూర్చుని ఉంది. తెర తీసేసి ఉంది. తలకి కట్టు లేదు. నుదురు మధ్య ఎర్రగా, గుంటగా పెద్ద మచ్చ. దాని కింద ముక్కు. మందంగా, కాస్త ఎడమవైపు ఒరిగి, బొప్పికట్టినట్టు ఉంది. అందంగా ఉందని అబద్ధం చెప్పను. కానీ వెలుతురు పడి దాని కొస ఎర్రగా ఉంది, నెత్తురున్న ఎరుపు. ఎడమ రెక్క మీద, పూర్వం పుడక ఉండే చోటుకి కాస్త పైన, పెసరగింజంత పచ్చబొట్టు.

నాకు ఏడుపొచ్చింది. ఇంటి తలుపు గడియ వదులు చేశానని చెప్పాను. అది తలూపింది. ఇంక లాభం లేదని, అసలు మాట ఎత్తాను.

"కట్టు బిగించింది నానే అచ్చీ."

"తెలుసు."

"బిసాహిన్ సెప్పిందేటి?"

"అదేటీ సెప్పలేదు. ఆ సాయంత్రం దాకా నా మెడకింద నొక్కతంటే నీ ముడి నాకు తెలీదేటి? ఇరవయ్యేళ్ళు ఆవకాయ జాడీకి ఇప్పేను."

గొంతు ముక్కులోంచి వస్తోంది, అయినా దాని గొంతే. మరి డాక్టరు అడిగినప్పుడు ఎందుకు చెప్పలేదన్నాను. అప్పుడు మత్తులో నోరు పెగల్లేదంది. మర్నాడు తెలివొచ్చాక చెప్పెయ్యాలనే అనుకుందట, బిసాహిన్ ముఖం మనసులో మెదిలి నిలవనివ్వలేదట. ఈలోగా వసారాలో నా గొంతు వినపడిందట.

"కట్టు బిగించింది నానేనని నువ్వన్నావు సూడు, అది ఇన్నాను. నువ్వు అననేదనుకో, ముక్కు బతికినా నీ కొంపకి వొచ్చీదాన్ని కాదు బావా."

కోపంతో అనలేదు. మామూలుగా, రేపు కూర ఏటి అన్నట్టు అంది. బిసాహిన్ దిండు గలీబు మారుస్తూ మా వైపు వీపు తిప్పుకుంది. ఆమెకి తెలుగు రాదు, అయినా అర్థమైందనుకుంటాను.

ముక్కు ఒకసారి ముట్టుకోనా అని అడిగాను. నన్ను నేనే నమ్మక అడిగాను. అచ్చియమ్మ బిసాహిన్ వైపు చూసింది. బిసాహిన్ నా చేతుల వంక ఒక క్షణం చూసి, సరేనన్నట్టు తల ఆడించింది. అచ్చియమ్మ కళ్ళు మూసుకుని ముఖం కొంచెం పైకెత్తింది. జలగ మూతి కింద గోరు జరిపినంత మెల్లగా, ఒక్క వేలితో ఆ పచ్చబొట్టు మీద తాకాను. వెచ్చగా ఉంది.

అచ్చియమ్మ కళ్ళు తెరవకుండానే చెయ్యెత్తి నుదుటి మీద, ఆ మచ్చ మీద తడుముకుంది.

"నుదుటి మీద సెయ్యెట్టేవేటి?"

"నుదురు కాదే, ముక్కు. ముక్కే ముట్టుకున్నాను."

చర్మం చోటు మారినా అందులోని నరాలు ఇంకా పాత చోటుకే కబురు పంపిస్తాయని, కొన్నాళ్ళు అలాగే ఉంటుందని తర్వాత డాక్టరు చెప్పాడు. అప్పటికి మా ఇద్దరికీ అది తెలియదు. అచ్చియమ్మ వేళ్ళు మచ్చ మీద నా వేలి కోసం వెతికాయి. అక్కడ లేదు.

"ఏమో బావా" అంది. "నాకయితే నువ్వు బొట్టు పెడతన్నట్టే ఉంది."

నేను వేలు తియ్యలేదు. నొక్కలేదు కూడా. బిసాహిన్ వచ్చి చాలని చెప్పేదాకా అలాగే కదలకుండా నిలబడ్డాను.